సాక్షికి చూపించాలని మనిషిని ఆపవచ్చా?

జిల్లా కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తూనే ముసలివాణ్ణయ్యాను. దోపిడీ కేసుల్లో నా దగ్గరికి వచ్చిన తల్లులూ భార్యలూ మొదట చెప్పే మాట ఒకటే: ‘సాక్షికి చూపించి పంపేస్తామని తీసుకెళ్లారండీ, ఇంకా వదల్లేదు.’ ఈ విషయంలో చట్టం ఏమంటుందో ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

1. గుర్తింపు కోసమే నిర్బంధించే అధికారం పోలీసులకు లేదు. అరెస్టుకు ముందే ఆధారం ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో సహేతుకమైన అనుమానం ఒక్కటే చాలదు. అరెస్టు ఎందుకు అవసరమో అధికారి కాగితం మీద రాయాలి. అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. ముందు పట్టుకొచ్చి, సాక్షి అవునంటే అరెస్టు చూపించడం, కాదంటే వదిలేయడం చట్టం ఒప్పుకునే పద్ధతి కాదు.

2. గడియారం చూసుకోండి. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం, అరెస్టయిన మనిషిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. మనిషిని కదలనివ్వకుండా ఆపిన క్షణం నుంచే ఆ లెక్క మొదలవుతుంది. రికార్డులో అరెస్టు ఎప్పుడు రాసుకున్నారన్నది దాన్ని మార్చదు. ఏ టైముకు, ఎవరు, ఏ బండిలో తీసుకెళ్లారో ఇంట్లోవాళ్లు వెంటనే రాసి పెట్టుకోవాలి. కోర్టులో ఆ చిన్న చీటీయే అక్కరకొస్తుంది.

3. గుర్తింపు పరేడ్‌కు, అంటే నిందితుణ్ణి మరికొందరితో కలిపి వరుసలో నిలబెట్టి సాక్షికి చూపించడానికి, ఉత్తర్వు ఇచ్చేది కోర్టు. అరెస్టయిన వ్యక్తిని సాక్షి గుర్తించడం దర్యాప్తుకు అవసరమైతే, స్టేషన్ అధికారి కోర్టును కోరాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 54ఏ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం ఇప్పుడు సంహితలో 54వ సెక్షన్. మన దగ్గర పరేడ్ సాధారణంగా జైల్లో, మేజిస్ట్రేట్ చేతుల మీదుగా జరుగుతుంది.

4. పరేడ్ దాకా నిందితుడి ముఖం కప్పే ఉంచాలి. ఒక దోపిడీ కేసులో సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తుంటే, ‘నేను స్టేషన్ బెంచీ మీద టీ తాగుతుంటే ఎదురుగా కూర్చోబెట్టి చూపించారండీ’ అన్నాడు. ఆ తర్వాత జైల్లో జరిగిన పరేడ్‌కు విలువ లేకుండా పోయింది. మెడలో గొలుసు పోగొట్టుకున్న పెద్దావిడకు న్యాయమూ అందలేదు. తొందరపాటు నిర్దోషికి ఎంత చేటో, బాధితులకూ అంతే చేటు.

5. వరుసలో నిలబడేవాడికీ హక్కులున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ 34వ నియమం దీన్ని వివరంగా చెబుతుంది. పక్కన నిలబెట్టేవాళ్లు వీలైనంతవరకు అదే వయసు, ఎత్తు, వాలకం ఉన్నవాళ్లై ఉండాలి. ఎక్కడ నిలబడాలో నిందితుడే ఎంచుకోవచ్చు. అభ్యంతరం చెబితే మేజిస్ట్రేట్ రాసుకోవాలి. ఒక పరేడ్‌లో నిందితుడి కనుబొమ్మ మీద ప్లాస్టర్ ఉంటే, మేజిస్ట్రేట్ గారు వరుసలోని అందరికీ అదే చోట ప్లాస్టర్ అంటించారు. గుర్తింపు ముఖాన్ని బట్టి జరగాలని ఆయన పట్టుదల.

6. పరేడ్‌కు రానని మొండికేయడం మంచిది కాదు. నిందితుడు తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న హక్కు దీనికి వర్తించదని సుప్రీంకోర్టు 2023లో ముఖేశ్ సింగ్ కేసులో తేల్చింది. అయితే ముందే సాక్షులకు చూపించారనో, ఫొటో పేపర్లో పడిందనో చెప్పాల్సి ఉంటే, మేజిస్ట్రేట్‌కు చెప్పి రాయించుకోండి.

7. పరేడ్‌తోనే నేరం రుజువైపోదు. కోర్టు బోనులో సాక్షి గుర్తించడమే అసలు సాక్ష్యం, పరేడ్ దానికి బలం చేకూర్చేది. మల్ఖాన్ సింగ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. భయంలో, చీకట్లో, క్షణకాలం చూసిన ముఖాన్ని గుర్తుపట్టడంలో నిజాయితీపరుడైన సాక్షీ పొరబడగలడు. ఇన్ని కట్టుబాట్లు అందుకే.

మీ ఇంటి మనిషిని స్టేషన్‌కు పిలిస్తే భయపడకుండా మూడు ప్రశ్నలు అడగండి: అరెస్టా, నోటీసా? కారణం ఏమిటి? మేజిస్ట్రేట్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తారు? జవాబు రాకపోతే వెంటనే వకీలును కలవండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి, కస్టడీలో ఉన్నవారికి అక్కడ ఉచితంగా న్యాయసాయం అందుతుంది.