పంపిన డబ్బు రావాలంటే ఇంకా పంపాలట!

సమస్య



నా వయసు 32. బీకాం చదివాను. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌను. మా వారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్లో దేనికీ లోటు చెయ్యరు గానీ, పది రూపాయలు ఖర్చుపెట్టినా దేనికో చెప్పాలి. నాకంటూ నాలుగు రాళ్లు సంపాదించుకోవాలని ఎప్పటినుంచో కోరిక.

పోయినేడాది పక్కింటి వదిన ఒక యాప్ చూపించింది. సర్వేలు పూర్తి చేస్తే పాయింట్లు, యాప్‌లు డౌన్‌లోడ్ చేసి రిజిస్టరైతే పదో ఇరవయ్యో, డీమ్యాట్ ఖాతా తెరిస్తే రెండు వందలు. పిల్లలు బడికి వెళ్లాక చేసుకునేదాన్ని. సర్వేలో ముప్పావు వంతు అయ్యాక ‘మీరు దీనికి అర్హులు కారు’ అని వచ్చేది, ఒళ్లు మండిపోయేది. అయినా కొన్ని నెలల్లో 1,900 రూపాయల దాకా వచ్చాయి. పెద్దదానికి స్కూలు బ్యాగు, బూట్లు కొన్నాను. “ఇవి నీ డబ్బులేనా అమ్మా?” అని అది అడిగితే నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఆ తర్వాత వాట్సాప్‌లో ఒకమ్మాయి పలకరించింది. హోటళ్లకు ఆన్‌లైన్‌లో ఐదు నక్షత్రాలు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే ఒక్కోదానికి 50 రూపాయలంది. మూడు చేశాను, అప్పటికప్పుడే 150 వచ్చాయి. టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. అక్కడ ‘ప్రీపెయిడ్ టాస్క్’ అన్నారు. 1,000 కడితే 1,300 వచ్చాయి. 5,000 కడితే 6,500 వచ్చాయి. తర్వాత ఐదు ఆర్డర్ల టాస్క్, మధ్యలో ఆపితే ఏమీ రాదన్నారు. నా దగ్గరున్న 11,000 కట్టాను. రెండో ఆర్డరుకు గొలుసు తాకట్టు పెట్టి 60,000, మూడోదానికి డ్వాక్రా లోనులో నా వాటా 75,000, నాలుగోదానికి మా తోడికోడలి దగ్గర వ్యాపారమని చెప్పి 40,000. మొత్తం 1,86,000. స్క్రీను మీద మాత్రం నా బ్యాలెన్స్ 2,61,000 అని చూపిస్తోంది. తీసుకుందామంటే నా ‘క్రెడిట్ స్కోరు’ 80కి పడిపోయింది, సరిచేయడానికి ఇంకో 50,000 కట్టమన్నారు. లేవన్నాను. ఆ గ్రూపులో వాళ్లంతా ‘అక్కా, మేం కూడా అలాగే కట్టాం, వచ్చేశాయి’ అన్నారు. మొదట్లోనే ఆధార్, పాన్ ఫొటోలు కూడా పంపించాను.

ఇది జరిగి నెల దాటింది. పోయిన వారం డ్వాక్రా వాయిదా కట్టడానికి బ్యాంకుకు వెళితే, నా ఖాతా హోల్డులో ఉందన్నారు. వేరే రాష్ట్రంలో ఎవరో సైబర్ కేసు పెట్టారట, నా మీద! కౌంటర్లో ఆ అబ్బాయి స్క్రీను వంకా నా వంకా మార్చి మార్చి చూస్తుంటే భూమి చీలితే బాగుండుననిపించింది. ఇప్పుడు ఇంకొకతను మెసేజ్ పెట్టి, 9,000 ఫీజు కడితే నా డబ్బంతా వెనక్కి తెప్పిస్తానంటున్నాడు. మా తోడికోడలేమో లాభాలొస్తున్నాయా, నన్నూ చేర్పించమని అడుగుతోంది. మా వారికి ఏమీ తెలియదు. ఆయన కోపిష్టే గానీ నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టక, చచ్చిపోతే బాగుండుననిపిస్తోంది. ఆ 9,000 కట్టమంటారా?

— పేరు వద్దు, గుంటూరు జిల్లా

సలహా

అమ్మా,

చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట మీరు చివర్లో రాశారు గానీ నాకు ముందు అదే కనిపించింది. రాత్రి ఆ ఆలోచన వస్తే ఒంటరిగా మోయకండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. 1,86,000 పెద్ద మొత్తమే, మీ ఇంటికి చాలా పెద్దది. కానీ అది తీర్చగలిగే అప్పు. మీ పిల్లలకు తల్లి లేని లోటును మాత్రం ఎవరూ తీర్చలేరు.

ఆ 9,000 కట్టకండి. మోసపోయినవాళ్ల నంబర్లు ఆ ముఠాల చేతుల్లోనే ఉంటాయి. ‘రికవరీ ఏజెంట్’ అంటూ వచ్చేవాడు చాలాసార్లు ఆ ముఠావాడే, లేదా వాళ్ల దగ్గర నంబర్లు కొన్నవాడు. పోయిన డబ్బు వెనక్కి తెప్పించడానికి పోలీసులు గానీ, కోర్టు గానీ, బ్యాంకు గానీ ముందస్తు ఫీజు అడగవు. అతనికి జవాబివ్వకండి. చాట్ మాత్రం చెరపకండి, సాక్ష్యంగా కావాలి.

ఇప్పుడు మీ ఖాతా సంగతి. మీ భయమంతా దాని చుట్టూనే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీకు 150, 1,300, 6,500 ఎవరి పేరు మీద నుంచి వచ్చాయో ఒక్కసారి యూపీఐ హిస్టరీ తెరిచి చూడండి. ఒక్కో జమ ఒక్కో వ్యక్తి పేరుతో, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉంటుంది. నిజంగా కంపెనీ అయితే కంపెనీ ఖాతా నుంచే జీతమిస్తుంది కదా. ఈ ముఠాలు ఒకరి దగ్గర కాజేసిన డబ్బులో కొంత తీసి, కొత్తగా చేరినవారికి నమ్మకం కుదరడానికి ఎరగా వేస్తాయి. మీకు లాభంగా కనిపించిన ఆ 6,500 బహుశా ఇంకో రాష్ట్రంలో ఇంకో ఇల్లాలి డబ్బు. ఆవిడ ఫిర్యాదు చేసింది. పోలీసులు ఆ డబ్బు వెళ్లిన దారంతా పట్టుకుంటూ వస్తే మీ ఖాతా తగిలింది. అంతే తప్ప మిమ్మల్ని దొంగ అని ఎవరూ తేల్చలేదు. మీరూ ఆవిడలాగే బాధితురాలు. ఆ సంగతి కాగితం మీద పెట్టాలి.

బ్యాంకుకు మళ్లీ వెళ్లి, హోల్డు పెట్టమన్నది ఏ రాష్ట్రంలోని ఏ పోలీస్ స్టేషన్, ఫిర్యాదు ఎక్నాలెడ్జ్‌మెంట్ నంబరెంత, వివాదంలో ఉన్న మొత్తమెంత, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. మొత్తం ఖాతాను స్తంభింపజేశారా, ఆ 6,500 వరకే ఆపారా అన్నది కూడా కనుక్కోండి. పోలీసులు చెప్పిన మొత్తం వరకే నిలిపి ఉంచాలని 2023లో కేరళ హైకోర్టు బ్యాంకులకు చెప్పింది. ఆ మాట మేనేజరుతో మర్యాదగా ప్రస్తావించండి. తర్వాత ఆ స్టేషన్‌కు ఈమెయిల్‌లో మీ కథ, మీ ఫిర్యాదు కాపీ, స్టేట్‌మెంట్ పంపాలి. అందుకే ముందు మీరు ఫిర్యాదు చేయాలి. నెల దాటింది కదా అని ఊరుకోవద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. మొదటి గంటల్లో చేసి ఉంటే డబ్బు దారిలోనే ఆగే అవకాశం ఎక్కువ ఉండేది, నిజమే. ఇప్పుడు మీ డబ్బు ఎంత వెనక్కి వస్తుందో నేను హామీ ఇవ్వలేను. అయినా ఆ ముఠా ఖాతాల్లో ఎక్కడైనా కొంత ఆగి ఉంటే అది మీదేనని అడగడానికి ఫిర్యాదే ఆధారం. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా ఆగిన డబ్బును బాధితులకు ఇప్పించిన సందర్భాలున్నాయి. ప్రతి చెల్లింపుకూ యూపీఐ రిఫరెన్స్ నంబరు, తేదీ, ఎవరి పేరుకు పంపారో ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకోండి. 1930 వాళ్లు ఫోన్లో అడిగేవి ఇవే. మీ టౌన్ స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే, జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడిగే హక్కు మీకుంది.

ఇంత చదువుకుని ఎలా మోసపోయానా అని కుమిలిపోతూ ఉంటారు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఒక్క ముఠా లెక్కే 712 కోట్ల రూపాయలు, బాధితులు సుమారు 15,000 మంది. ఆ కేసు మొదలైంది కూడా రేటింగ్, రివ్యూ పని అంటూ వచ్చిన మెసేజ్‌తోనే. ఆ ఏడాది డిసెంబరులో కేంద్రం ఇలాంటి పార్ట్‌టైమ్ టాస్కుల వెబ్‌సైట్లను వందకు పైగా మూసేయించింది. గ్రూపులో మిమ్మల్ని ‘అక్కా’ అని పిలిచినవాళ్లలో చాలామంది ముఠా మనుషులే. మీతో చాట్ చేసిన ‘అమ్మాయి’ అసలు అమ్మాయే కాకపోవచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి, అక్కడ బంధించి ఈ మోసాలు చేయించిన మన కుర్రాళ్లను 2024లో విశాఖ పోలీసులు వెనక్కి రప్పించారు. అంత పెద్ద యంత్రాంగం ఒక బీకాం చదివిన ఇల్లాలి ఆశను పట్టుకుని ఆడుకుంది. ఆ ఆశలో తప్పు లేదు. నీ డబ్బులేనా అని బిడ్డ అడిగినందుకు గర్వపడ్డారే, అందులో అసలే తప్పు లేదు.

మీ వారికి చెప్పే విషయం. ఈ రాత్రికే చెప్పండి, పిల్లలు పడుకున్నాక. బ్యాంకువాళ్లో తోడికోడలో చెబితే ఆయన వినాల్సి వచ్చేది మోసం గురించి కాదు, మీరు దాచిన సంగతి గురించి. దాన్ని తట్టుకోవడం ఆయనకు మరింత కష్టం. తాకట్టు రసీదు, డ్వాక్రా పాసుపుస్తకం, రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని మాట్లాడండి. “నేను మోసపోయాను, మొత్తం ఇంత, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో ఇది. రేపు మనం కలిసి ఫిర్యాదు చేయాలి” అని నేరుగా మొదలుపెట్టండి. ముందు కోప్పడతారు, కోప్పడనివ్వండి. లెక్కలు రాసే మనిషి కాబట్టి కాసేపటికి ఆ కాగితం చేతిలోకి తీసుకుంటారనే నా నమ్మకం. ఒకవేళ కోపం హద్దు దాటి మీ మీదకు వస్తే పుట్టింటివారికి కబురు చేయండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఆయన కోసం కూడా ఒక మాట రాస్తున్నాను, ఈ పేజీ ఆయనకు చూపించండి. అయ్యా, మీ ఆవిడ పది రూపాయలకు కూడా మీకు లెక్క చెప్పాల్సి వస్తోంది. తన చేతిలో నెలకు కొంత, లెక్క అడగని డబ్బు ఉండి ఉంటే, మొదటి 11,000 పోయినప్పుడే మీ దగ్గరకొచ్చి ఏడ్చేది. భయం వల్ల ఆ నష్టం 1,86,000 దాకా పెరిగింది. ఇకనైనా ఆ ఏర్పాటు చేయండి.

మీ తోడికోడలికి చెప్పడానికి రేపటి దాకా కూడా ఆగొద్దు. ఆవిడ అదే ఊబిలోకి దిగడానికి సిద్ధంగా ఉంది. ఆ 40,000 వ్యాపారంలో పెట్టలేదని, మోసపోయానని చెప్పి, నెలకు ఎంత చొప్పున తీర్చగలరో మాటివ్వండి. డ్వాక్రా వాయిదా మాత్రం తప్పకండి, మీరు ఆపితే ఆ భారం గ్రూపులో మిగతా ఆడవాళ్లందరి మీదా పడుతుంది. ఖాతా తెరుచుకునేదాకా మీ వారి ద్వారా కట్టించి, లీడరుకు సంగతి చెప్పండి. గొలుసు వేలానికి పోకుండా కనీసం వడ్డీ కడుతూ ఉండండి.

ఇక మొదటి యాప్ గురించి మీరు అడగలేదు గానీ, నాకు చెప్పాలనుంది. అది మోసం కాదు, కానీ దాన్ని సంపాదన అనుకోవద్దు. ఒక యాప్ కంపెనీ కొత్త ఖాతాదారుడిని తెచ్చినందుకు ఆ ఆఫర్ యాప్‌కు డబ్బిస్తుంది, అందులో కొంత మీకు వస్తుంది. సర్వే వాళ్లకు కావలసింది కారున్నవారి అభిప్రాయమో, ఫలానా సబ్బు వాడేవారిదో. మీరు ఆ కోవలోకి రారని తేలగానే మధ్యలో తోసేస్తారు, అప్పటిదాకా చెప్పిన జవాబులకు సాధారణంగా డబ్బేమీ రాదు. గూగుల్ సర్వే యాప్ కూడా ఆండ్రాయిడ్ ఫోన్లో నగదు ఇవ్వదు, ప్లే స్టోర్‌లో వాడుకునే క్రెడిట్ ఇస్తుంది. పైగా ఆ రెండు వందల కోసం తెరిచిన డీమ్యాట్ ఖాతాకు ఏటా నిర్వహణ ఛార్జీలు పడవచ్చు, కనుక్కుని మూసేయండి. ఆఫర్ కోసం క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేసి ఉంటే ఆ విచారణ మీ సిబిల్ రికార్డులో నమోదై ఉంటుంది. ‘ఉచిత ట్రయల్’ అని చేరినవాటికి ఆటోపే పెట్టారేమో యూపీఐ యాప్‌లో చూసి తీసేయండి.

ఆధార్, పాన్ ఆ ముఠా చేతికి వెళ్లాయి కాబట్టి అధికారిక ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. సంచార్ సాథీ వెబ్‌సైట్లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి, మీవి కానివాటిని అక్కడే ‘నావి కావు’ అని నమోదు చేయవచ్చు. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని, మీకు తెలియని అప్పు ఏదైనా మీ పేరు మీద పుట్టిందేమో గమనించండి. ఇంకో సంగతి, మీ ఖాతానో ఏటీఎం కార్డునో ‘అద్దెకు ఇస్తే నెలకింత ఇస్తాం’ అని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోకండి. నష్టపోయినవాళ్లను ఆ గోతిలోకి కూడా లాగుతారు. అప్పుడు మాత్రం పోలీసులు వచ్చేది బాధితురాలి దగ్గరకు కాదు, నిందితురాలి దగ్గరకు.

మీరు బీకాం చదివారు. మీ టౌన్లో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే ఆఫీసుల్లో ట్యాలీ తెలిసిన ఆడవాళ్లకు పూట పని దొరుకుతుంది. సాయంత్రం పక్కిళ్ల పిల్లలకు లెక్కలు చెప్పినా నెలకింతని చేతికొస్తుంది. ఇవన్నీ తర్వాత చూసుకుందాం. ముందు 1930 నుంచి ఎక్నాలెడ్జ్‌మెంట్ నంబరు తీసుకుని, దాని కాపీతో మీరిద్దరూ కలిసి బ్యాంకు మేనేజరును కలవండి. అక్కడ ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. హోల్డు పెట్టిన స్టేషన్‌కు పంపాల్సిన ఉత్తరం ఎలా రాయాలో అప్పుడు చెబుతాను.