గీతలలోని లెక్క

పలాస జీడిపప్పు పొట్లము మీదను, సబ్బుబిళ్ల కాగితము మీదను నల్లని నిలువు గీతల పట్టీ యొకటి కనిపించును. అదియే బార్‌కోడు. అందులో ధర దాగియున్నదని మా విద్యార్థులలో పలువురి నమ్మకము. అందుండునది వస్తువు సంఖ్య మాత్రమే. ధరను దుకాణపు కంప్యూటరు తన పట్టికనుండి తీసికొనును.

ఈ ఆలోచనకు 1952లో ఉడ్‌లాండ్, సిల్వర్ అను అమెరికనులు పేటెంటు పొందిరి. నేటి రకపు గీతలను అంగడిలో యంత్రము తొలుత చదివినది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణమున, చూయింగ్ గమ్ పొట్లముపై.

మన సరకులపై సాధారణముగా 13 అంకెలుండును. మొదట 890 ఉన్నంత మాత్రమున సరకు భారతదేశమున తయారైనదని తలపరాదు. ఆ సంఖ్యను మన దేశపు జి.ఎస్.1 సంస్థ ఇచ్చినదని మాత్రమే అర్థము. పుస్తకములపై 978 కనిపించును.

కడపటి అంకె కావలివాని వంటిది. 890123456785 అను 12 అంకెలను తీసికొందము. ఎడమనుండి బేసి స్థానములలోని అంకెల మొత్తము 28. సరి స్థానములలోని మొత్తము 30. దానిని 3చే గుణింప 90. రెండును కలుప 118. పై పదియగు 120కి 2 తక్కువ. కనుక 13వ అంకె 2. ఏ ఒక్క అంకెను తప్పుగా చదివినను లెక్క చెడును, యంత్రము నిరాకరించును. అయితే పక్కపక్కనున్న 1, 6 తారుమారైనచో మొత్తము సరిగా 10 మారును గావున కావలివాడు మోసపోవును! ఎడమ సగపు గీతల తీరు వేరు, కుడి సగపు తీరు వేరు. అందుచే తెలుగువలె ఎడమనుండి చదివినను, ఉర్దూవలె కుడినుండి చదివినను యంత్రము పొరపడదు.

చదరపు క్యూఆర్ కోడును 1994లో జపానునందలి డెన్సో వేవ్ సంస్థ మోటారు భాగముల గుర్తింపునకై రూపొందించినది. అడ్డముగను నిలువుగను సమాచారము నింపుటచే ఇందు 7089 అంకెల వరకు పట్టును. కొంత చిరిగినను చదువవచ్చును. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట విజయనగరము, శ్రీకాకుళము బజారులలో కూరల బండి మీదను ఇది వెలసినది. ఇచట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. డబ్బు పుచ్చుకొనుటకు స్కాను చేయనక్కరలేదు, పిన్ను కొట్టనక్కరలేదు. అట్లు కొట్టుమనువాడు మోసగాడే. చెల్లించునపుడు తెరపై కనబడు పేరు దుకాణదారునిదో కాదో అడిగి తెలిసికొనవలెను. అసలు కాగితముపై వేరొకటి అంటించుట కష్టము కాదు.

2023 ఆగస్టు 1 నుండి మన దేశమున 300 ఔషధ బ్రాండ్లపై ఇట్టి కోడు తప్పనిసరియైనది. మందు పేరు, తయారీదారు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ అందులో నుండును. మాత్రల అట్టపై అచ్చు చెరిగినపుడు పెట్టెపై దీనిని ఫోనుతో చూడవచ్చును.