మిత్రుని గాయక బృందమును వినబోవునప్పుడు

పాఠ భాగము: 1 దినవృత్తాంతములు 25:1–8, లూకా 2:8–14



క్రిస్మసు దినములు సమీపించగానే పట్టణములోనున్న మిత్రుడు, “మా క్వయరు పాడబోవుచున్నది, తప్పక రండి” అని మనకు కబురు చేయును. వెళ్లుటకు మనము సంకోచింతుము. పాట ఇంగ్లీషు, లోపలికి పోవుటకు టిక్కెట్టు, అంతకుమించి, ఇది ఆరాధనయా, ప్రదర్శనయా అను సందేహమొకటి. ఈ సందేహము నవ్వి త్రోసివేయదగినది కాదు గనుక వాక్యములో వెదకుదము.

దావీదు పాటకొరకు ఆసాపు, హేమాను, యెదూతూను అనువారి కుమారులను ప్రత్యేకించెను. పాట నేర్చుకొని ప్రవీణులైనవారు 288 మంది. పిన్న పెద్ద అనక, గురువు శిష్యుడు అనక వారందరు చీట్లు వేసికొనిరి. 24 వంతులు, వంతుకు 12 మంది. నేర్చుకొనుట అను మాటను గమనించుడి. మన మిత్రుడును పగలంతయు పనిచేసి, సాయంకాలము సాధనకు పోయి, ఒకే పంక్తిని పదేపదే పాడి నేర్చుకొనెను. ఆ శ్రమ కూడ సేవయే. దేవాలయ ప్రతిష్ఠలో బూరలు ఊదువారును గాయకులును ఏకస్వరముగా వినబడినప్పుడు మేఘము మందిరమును నింపెనని 2 దినవృత్తాంతములు 5లో చదువుచున్నాము. కావున మిత్రుని గొంతు మనకు వేరుగా వినబడనియెడల చిన్నబోవద్దు. అతడు బాగుగా పాడుచున్నాడన్నమాట!

క్రిస్మసులో ఇట్టి బృందములు తరచుగా పాడునది హ్యాండెల్ కూర్చిన “మెస్సీయ.” దాని మాటలను చార్లెస్ జెన్నెన్సు అను ఆయన లేఖనములనుండి ఏర్చి కూర్చెను. హ్యాండెల్ 1741 ఆగష్టు 22న ఆరంభించి సెప్టెంబరు 14న ముగించెను. మొదట పాడినది క్రిస్మసులో కాదు. 1742 ఏప్రిల్ 13న, ఐర్లండులోని డబ్లిను పట్టణమున. అచ్చటను టిక్కెట్టు ఉండెను. అయితే ఆ సొమ్ము అప్పులకై చెరలోనున్నవారికిని, రెండు వైద్యశాలలకును పోవునని ముందే ప్రకటించిరి. ఎక్కువమందికి చోటు దొరుకునట్లు స్త్రీలు వెడల్పు వలయముల పావడలు లేకయు, పురుషులు ఖడ్గములు లేకయు రావలెనని కోరిరి. సుమారు 400 పౌండ్లు వచ్చెను. 142 మంది ఋణస్థులు విడుదల పొందిరి. మన మిత్రుని క్వయరు వారిని కూడ టిక్కెట్టు సొమ్ము దేనికని అడుగుటలో తప్పేమియు లేదని మా అభిప్రాయము.

మరుసటి సంవత్సరము లండనులో, నాటకశాలలో దేవుని వాక్యము పాడవచ్చునా అని కొందరు ఆక్షేపించిరి. మన సందేహము క్రొత్తది కాదు.

ఇంగ్లీషు రాదను భయమునకు మందు సులభము. వెళ్లుటకు ముందటి రాత్రి ఇంటివారితో కూడ మన తెలుగు బైబిలులో యెషయా 40:1–5, 9:6, లూకా 2:8–14 చదువుడి. మొదట ఒక్క పురుషుడు యెషయా 40లోని ఓదార్పు మాటలు పాడును. అయిదవ వచనమునకు బృందమంతయు లేచును. మన భజనలో ఒకరు ఎత్తుకొనగా అందరు అందుకొందురు గదా. ఇక్కడ నాలుగు వరుసలవారు ఒకరి తరువాత ఒకరు ఎత్తుకొందురు. గొల్లల సంగతి ఒక స్త్రీ ఒంటరిగా పాడును. పరలోక సైన్యము కనబడగానే బృందము అందుకొనును. బూరలు మొట్టమొదట వినబడునది అచ్చటనే.

“హల్లెలూయ” వచ్చునప్పుడు అందరు లేచి నిలుచుట వాడుక. ఇంగ్లండు రాజు లేచెను గనుక అని చెప్పుదురు గాని, ఆ రాజు వచ్చెననుటకు ఆ కాలపు సాక్ష్యము లేదు. ఆ మాటలు ప్రకటన గ్రంథము 11, 19 అధ్యాయములలోనివి. నిలుచుటకు ఆ కారణము చాలును.

పాట ముగిసినపిమ్మట మిత్రుని చేయి పట్టుకొని, “బాగున్నది” అని ఊరకుండక, మన బైబిలు తెరచి, “నీ వరుస ఏ మాటయొద్ద ఎత్తుకొనెను?” అని అడుగుడి. అతడు వ్రేలుపెట్టి చూపును.