ముగ్గురికీ మూడు సెట్లు అక్కర్లేదు

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుందామని అనుకున్న మొదటి నెలలోనే ఒక తొందర పుడుతుంది. పెద్దమ్మాయికి ఒక పుస్తకాల సెట్టు, నడిపివాడికి ఒకటి, చిన్నదానికి రంగు బొమ్మలతో ఇంకొకటి. బడి మాన్పించాం కదా, ఏ లోటూ రాకూడదన్న బెంగ అది. ఆ బెంగలో తప్పేమీ లేదు, కొనడం మాత్రం కాస్త ఆపండి.

ఎవరిది వాళ్లకు విడిగా కావలసినవి లెక్కలు, చదవడం, రాయడం. వీటిలో వయసు చూడకండి, పిల్లకు ఎంతవరకు వచ్చో అక్కడి పుస్తకమే తెండి. పదేళ్లవాడు భాగహారంలో తడబడుతుంటే నాలుగో తరగతిదే చాలు. తరగతి అంకె చూసి చిన్నబుచ్చుకుంటాడనుకుంటే అట్ట వేసేయండి.

సైన్సు, సోషలు, కథలు ముగ్గురికీ కలిపి చెప్పొచ్చు. కృష్ణా నది తీసుకోండి. చిన్నది మహాబలేశ్వరం కొండల నుంచి హంసలదీవి దాకా నీలం గీత గీస్తుంది. నడిపివాడు ఆ గీత మీద శ్రీశైలం, నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజీ గుర్తు పెడతాడు. సాగర్ కుడి కాలువ ఏ జిల్లాలకు, ఎడమ కాలువ ఏ జిల్లాలకు నీళ్లిస్తుందో, ఎండాకాలం వస్తే రెండు రాష్ట్రాల మధ్య మాట ఎందుకు పెరుగుతుందో పెద్దది చదివి తమ్ముడికీ చెల్లికీ చెబుతుంది. దీనికి ఒక మ్యాపు, ఒక పుస్తకం, రోజూ వచ్చే దినపత్రిక చాలు. వారం గడిచిపోతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అలాగని మొత్తం పుస్తకాన్ని రంగుల్లో ప్రింటు తీయించకండి, అచ్చు పుస్తకం కొనుక్కోవడమే చవక. 2023 నుంచి ఒక్కో తరగతికీ కొత్త పుస్తకాలు వస్తున్నాయి కాబట్టి అక్క పుస్తకం తమ్ముడికి వచ్చేసరికి పాతదైపోవచ్చు. పోనివ్వండి, భిన్నాలు మారలేదు. తెలుగు కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉచితం. హైదరాబాదులో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లు ఎలాగూ ఉన్నాయి. రాసి పారేసే వర్క్‌బుక్కులు మాత్రం చివర కొనండి, జవాబులు విడిగా నోటుబుక్కులో రాయిస్తే అదే పుస్తకం ముగ్గురికీ పనికొస్తుంది.

లెక్కలో చేరని ఖర్చు ఒకటుంది, చెప్పేవాళ్ల సమయం. ప్రతి పాఠానికీ ముందు గంటసేపు సిద్ధం కావలసిన సిలబస్ ఉచితంగా వచ్చినా ముగ్గురు పిల్లల ఇంట్లో ఖరీదే. మీకు హిందీయో ఆల్జీబ్రాయో పట్టు చిక్కకపోతే మరో గైడు కొనేకంటే ఆ డబ్బుతో వారానికి రెండు రోజులు ట్యూషన్ పెట్టించడం మేలు. ఏడాది డబ్బులో నాలుగో వంతు దసరా దాకా ముట్టుకోకండి. అప్పటికి ఏ పుస్తకం పిల్లలకు పడలేదో తేలిపోతుంది.

పెద్దమ్మాయికి పన్నెండు దాటితే లెక్క మారుతుంది. జాతీయ ఓపెన్ స్కూల్, అంటే ఎన్‌ఐఓఎస్‌లో, పద్నాలుగేళ్లు నిండాక పదో తరగతికి చేరవచ్చు. తెలుగు మీడియం కూడా ఉంది. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు ఉంటుంది, అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు. పాఠాలు వాళ్లవే ఉంటాయి కాబట్టి ఆ వయసులో వేరే బోర్డు పుస్తకాలు కొని పెట్టకండి. ఎన్‌ఐఓఎస్ ఫీజులు విడిగా తీసి పెట్టాకే చిన్నవాళ్ల పుస్తకాలకు ఎంతన్నది చూసుకోండి.