వెనక టైరు ఇంట్లో మార్చొచ్చా?

ప్రశ్న: సార్, నా బైక్ వెనక టైరు అరిగిపోయింది. ట్యూబ్‌లెస్. షాపులో లేబర్ చార్జి దండగనిపిస్తోంది. ఇంట్లోనే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కాప్రా

జవాబు: స్పోక్ రింగు, ట్యూబు ఉన్న బండైతే సరేననేవాణ్ణి. రెండు లివర్లు, సబ్బునీళ్లు, కాస్త ఓపిక ఉంటే చాలు. లివరు కొన ట్యూబును గిల్లకుండా చూసుకోవాలంతే. ట్యూబ్‌లెస్ సంగతి వేరు. పాత టైరు అంచు అల్లాయ్ రింగును గట్టిగా పట్టుకుని ఉంటుంది. రాడ్డుతో పెకిలిస్తే రింగు గీరుకుపోతుంది, ఆ గీత దగ్గరే గాలి సన్నగా దిగుతుంది. కొత్త టైరు ఎక్కించాక గాలి ఒక్క ఊపున లోపలికి పోతేనే అంచు ‘టప్’మని కూర్చుంటుంది. చేతి పంపుకు ఆ ఊపు రాదు.

చక్రం ఇంట్లో విప్పుకుని, ఈసీఐఎల్ వైపో నాచారం వైపో ఏదైనా టైర్ల షాపుకు తీసుకెళ్లండి. వాల్వు కూడా కొత్తది వేయించండి. టైరు మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2325 అంటే 2025లో 23వ వారం. బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే దిక్కుకే ఉండాలి. తిరిగి బిగించేటప్పుడు చైన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా చూడండి. టార్క్ రెంచి లేకపోతే యాక్సిల్ నట్టు మెకానిక్ చేతే బిగించుకోండి. అక్కడ మాత్రం దయచేసి పొదుపు చూడకండి.