కొత్త కోర్సు ప్రతిపాదన: సందేహాలు - సమాధానాలు

విద్యుత్ వాహనాల బ్యాటరీల మీద ఓపెన్ ఎలక్టివ్ ప్రతిపాదించాను. బోర్డ్ ఆఫ్ స్టడీస్ రెండు పేజీల అభ్యంతరాలతో తిప్పి పంపింది. ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. నాకు చేతకాదని తేల్చేశారా?
*– ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, కాకినాడ*

లేదమ్మా, కంగారు పడకండి. పక్కన పడేయాలనుకున్న ప్రతిపాదన మీద ఎవరూ రెండు పేజీలు రాస్తూ కూర్చోరు. పుస్తకాల జాబితా పాతది, యూనిట్ల వరస మార్చండి లాంటివి మామూలే, ఒక సాయంత్రం పని. ‘ఇది చదవడానికి ముందు ఏం తెలిసుండాలి?’ అని అడిగిన చోట మాత్రం ఆగి ఆలోచించండి. మీ ఎలక్టివ్‌కి సివిల్ పిల్లలూ వస్తారు, మొదటి ఏడాది చదివిన ఎలక్ట్రోకెమిస్ట్రీ వాళ్లకు గుర్తుండదు; మొదటి యూనిట్‌లో మూడు గంటలు దానికి కేటాయించండి.

వేరే కాలేజీ సిలబస్‌ని సమీక్షించమని నాకు పంపారు. రాసినాయన మా గురువుగారు. తప్పులు పట్టాలంటే చెయ్యి ఆడటం లేదు.
*– అనంతపురం నుంచి ఒక పాఠకుడు*

ఆ సంకోచం సహజం. గురువుగారి పాండిత్యాన్ని కొలవమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు, ఆ పాఠం ఒక సెమిస్టర్‌లో పిల్లల తలకెక్కుతుందో లేదో చూడమన్నారు.

ముందు గంటలు లెక్కపెట్టండి. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) 2018 నమూనా ప్రకారం బీటెక్ మొత్తానికి 160 క్రెడిట్లు. వారానికి గంట లెక్చర్‌కి 1, రెండు గంటల ల్యాబ్‌కి 1. 3-0-2 (లెక్చర్-ట్యుటోరియల్-ల్యాబ్ గంటలు) అని రాసి 5 క్రెడిట్లు వేస్తే తప్పు, 4 రావాలి. ఆ ఎక్కువ పడిన క్రెడిట్ ఇంకో సబ్జెక్టు నోటి దగ్గర లాక్కున్నదే. వారానికి 3 గంటల చొప్పున 15 వారాలకు 45 గంటలు, అయిదు యూనిట్లకు పంచితే తొమ్మిదేసి. అయిదో యూనిట్‌లో పదిహేను అంశాలు కుక్కి ఉంటే అవి ఆఖరి వారంలో నోట్సు చెప్పి రాయించడంతో సరి.

తర్వాత కోర్సు అవుట్‌కమ్స్ చూడండి. ‘దూలాల గురించి అవగాహన పొందుతారు’ అని ఉంటే పరీక్షలో ఏమని అడుగుతారు? ‘ఇంత బరువు పడితే దూలం ఎంత వంగుతుందో లెక్కగడతారు’ అంటే ప్రశ్న అందులోనే ఉంది. ‘కుదరదు’ అనకుండా ‘ఈ రెండు అంశాలు తీస్తే గంటలు సరిపోతాయి’ అని రాయండి, ఆయన నొచ్చుకోరు. ఆ కోర్సు చెప్పగలిగేవాళ్లు ఆ విభాగంలో ఒక్కరే ఉంటే మాత్రం ఆ సంగతి రాయడానికి మొహమాటపడకండి. ఆ ఒక్కరూ మానేస్తే నష్టపోయేది పిల్లలు.

మా అమ్మాయి సైబర్ సెక్యూరిటీ బ్రాంచిలో మొదటి బ్యాచ్. ఎన్‌బీఏ గుర్తింపు లేదంటున్నారు. డిగ్రీ చెల్లదా?
*– ఒక తండ్రి, ఖమ్మం*

చెల్లుతుంది, నిశ్చింతగా ఉండండి. ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) కాలేజీని గంపగుత్తగా కాదు, ఒక్కో ప్రోగ్రామ్‌ని విడిగా పరిశీలిస్తుంది; కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వచ్చాకే దరఖాస్తుకు వీలు. కాబట్టి కొత్త బ్రాంచికి ఇప్పుడు లేకపోవడం లోపం కాదు. మీరు అడగాల్సినవి రెండు కాగితాలు: ఈ ఏడాది ఏఐసీటీఈ అనుమతి పత్రం, యూనివర్సిటీ అఫిలియేషన్ పత్రం. రెండింటిలోనూ మీ అమ్మాయి బ్రాంచి పేరు, సీట్ల సంఖ్య ఉండాలి. చూపించడానికి కాలేజీ తాత్సారం చేస్తుంటే అప్పుడు ఆందోళన పడండి, నేరుగా యూనివర్సిటీకి రాయండి.

‘ఈ సాఫ్ట్‌వేర్ రెండేళ్లలో పాతబడుతుంది, కోర్సు ఎందుకు?’ అన్నారు పరిశ్రమ ప్రతినిధి. ఏం జవాబివ్వను?
*– ఒక విభాగాధిపతి, వరంగల్*

ఆయన మాట కొట్టిపారేయకండి, అలాగని ప్రతిపాదన వెనక్కీ తీసుకోకండి. సాఫ్ట్‌వేర్ పేరును కోర్సు శీర్షికలోంచి తీసి ల్యాబ్ మాన్యువల్‌లోకి మార్చండి. మాన్యువల్‌ని ఏటా విభాగంలోనే సవరించుకునేలా ఒక వాక్యం చేర్చి, వచ్చే సమావేశానికి అదే కోర్సు మళ్లీ పెట్టండి.