మా కోచ్‌కి ఆ నాలుగు ప్లేలేనా వచ్చు?

అమెరికన్ ఫుట్‌బాల్: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూల్ జూనియర్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్. కోచ్ ఈ సీజన్‌కి నేర్పినవి మొత్తం పన్నెండు ప్లేలే. పక్క స్కూలు వాళ్ళ ప్లేబుక్ లావుపాటి ఫైలంత ఉందట. మావాడు వెనకబడిపోతాడేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు మీరు హాయిగా నిద్రపోండమ్మా. ఆ వయసుకు పన్నెండు ప్లేలు తక్కువేమీ కాదు. ఒక్కో ప్లేలో, అంటే ముందే రాసిపెట్టుకున్న ఒక్కో ఎత్తుగడలో, పదకొండు మందికి పదకొండు పనులుంటాయి, ఎదుటివాళ్ళు నిలబడే తీరు మారితే ఆ పనులూ మారతాయి. మీ రాష్ట్రంలోనే, లబక్‌లో, మైక్ లీచ్ అనే కోచ్ టెక్సస్ టెక్ యూనివర్సిటీ చేత ‘ఎయిర్ రెయిడ్’ అనే పద్ధతి ఆడించాడు. కొద్దిపాటి పాస్ ప్లేలనే రకరకాల వరసల్లోంచి విసుగు లేకుండా సాధన చేయించేవాడు. మ్యాచ్ రోజు ఆయన చేతిలో ఉండేది మడతపెట్టిన ఒక కాగితం. 2008లో, అప్పుడు దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న టెక్సస్ యూనివర్సిటీని ఆ టీమే 39-33తో ఓడించింది. మీవాణ్ణి ఒకసారి కూర్చోబెట్టి, “ఈ ప్లేలో నీ పక్కవాడు ఏం చేస్తాడు, ఎందుకు?” అని అడగండి. తడుముకోకుండా చెబితే చదువు బాగానే సాగుతున్నట్టు. సీజన్ సగం గడిచాక కూడా తన పని తప్ప ఇంకేమీ చెప్పలేకపోతే, అప్పుడు కోచ్‌ని కలవండి.

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చి డాలస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మనవడి మ్యాచ్ చూడబోతే, ప్రతిసారీ బంతి పట్టుకుని ఆ మనుషుల గుంపులోకే దూరమంటున్నాడు కోచ్. ఇంత మైదానం పెట్టుకుని ఇదేం ఆట? పిల్లాడికి ఏమవుతుందోనని భయం.
- ఒక తాతయ్య

జవాబు: అయ్యా, మీ భయం సహజం. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. కాబట్టి మూడు నాలుగు గజాల పరుగు మనకు వృథాగా కనిపించినా లెక్కకు సరిపోతుంది. ఇక దెబ్బల సంగతి: ఇలా దగ్గరి నుంచి గుంపులో దూరే పరుగుల కన్నా, బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు దూరం నుంచి వేగంగా వచ్చి ఢీకొనే కిక్‌ఆఫ్‌ల గురించే ఇక్కడివాళ్ళకు బెంగ ఎక్కువ, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2024లో కిక్‌ఆఫ్ నియమాలను మార్చింది కూడా. ఒక్కటి మాత్రం ఉపేక్షించకండి. దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మగత, తికమక మాటలు కనిపిస్తే ఆ క్షణమే ఆట ఆపించి డాక్టర్‌కి చూపించాలి. టెక్సస్‌లో 2011 నుంచి దీనికి చట్టమే ఉంది, డాక్టర్ రాసిస్తే తప్ప పిల్లవాణ్ణి మళ్ళీ మైదానంలోకి దింపకూడదు.

ప్రశ్న: మావాళ్ళు వరసలో నిలబడగానే అవతలి పిల్లలు “రన్! కుడివైపు!” అని అరుస్తున్నారు. తీరా చూస్తే కుడివైపే వెళుతున్నారు. పక్కన కూర్చున్న తల్లిదండ్రులు నవ్వుతుంటే తల కొట్టేసినట్టుంది. కోచ్‌ని మార్చమని అడగాలా?
- ఒక తండ్రి, అట్లాంటా

జవాబు: కాస్త ఆగండి. అరవడం ఈ ఆటలో మామూలే, అందులో చాలావరకు ఊహే. ఏ ప్లే వస్తుందో ఎదుటివాళ్ళకు తెలిసినంత మాత్రాన ఓడిపోవాలనీ లేదు. 1960లలో గ్రీన్ బే ప్యాకర్స్ కోచ్ విన్స్ లొంబార్డి ‘స్వీప్’ అనే ఒక్క పరుగు ప్లేని పట్టుకుని కూర్చున్నాడు. ముందు వరసలోని ఇద్దరు గార్డులు పక్కకు పరుగెత్తి దారి చేస్తారు. ఎదుటివాడు బయటికి జరిగితే బంతి ఉన్నవాడు లోపలికి తిరుగుతాడు, లోపలికి జరిగితే బయటికి పోతాడు. అది వస్తుందని లీగ్ అంతటికీ తెలుసు. అయినా ఏడేళ్ళలో ఐదు టైటిళ్ళు ఆ టీమ్‌వే, మొదటి రెండు సూపర్ బౌల్‌లూ వాళ్ళవే.

అయితే ఆ ఒక్క ప్లేకి తోడు ఉండాలి. లెగ్‌స్పిన్నర్ అదే చేతి తీరుతో గూగ్లీ వేసినట్టు, అదే వరస, అదే మొదలు, ముగింపు మాత్రం వేరుగా ఉండే ఇంకో ప్లే కావాలి. పరుగని నమ్మించి పాస్ వేస్తే దాన్ని ‘ప్లే యాక్షన్’ అంటారు. వచ్చే మ్యాచ్‌కి చిన్న నోట్‌బుక్ తీసుకెళ్ళి, ఏ వరసలో నిలబడ్డారు, పరుగా పాసా అన్నది రాసుకోండి. ఒక వరసలోంచి మ్యాచ్ అంతా ఒకటే వస్తోందా? మూడో ప్రయత్నంలో ఇంకా తొమ్మిది గజాలు కావలసి ఉన్నా మధ్యలోకే పంపుతున్నారా? వరసగా రెండు మూడు మ్యాచ్‌లు ఇదే కనిపిస్తే మీ అసంతృప్తి న్యాయమైనదే. స్టాండ్స్‌లో కూర్చున్న మీరే పసిగట్టారంటే, వారమంతా వీడియోలు చూసే అవతలి కోచ్ ఎప్పుడో పసిగట్టి ఉంటాడు. అప్పుడు కూడా కోచ్‌ని మార్చమనకండి, మీ నోట్‌బుక్ చూపించి మర్యాదగా అడగండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచి కాలేజీ మ్యాచ్‌లు చూస్తాను. ఎన్‌ఎఫ్‌ఎల్ ముందు ఈ ప్లేలు మరీ సాదాగా ఉన్నాయి. నాకే అర్థం కావడం లేదా?
- ఒక విద్యార్థి

జవాబు: మీ కన్ను బాగానే ఉంది. కాలేజీ ఆటగాళ్ళు సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆటకు కేటాయించకూడదని కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నియమం, మిగతా వేళ క్లాసులు. ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళకు అదే ఉద్యోగం. తేడా కనిపించకపోతేనే ఆశ్చర్యం.

ప్రశ్న: అయోవా యూనివర్సిటీలో చదివాను. 2022, 2023 సీజన్లు చూశాక మా ఆఫెన్స్ మైదానంలోకి దిగితేనే గుండె దడ. ఇప్పటికీ పోలేదు. నాది అతి అంటారా?
- ఒక పూర్వ విద్యార్థి, షికాగో

జవాబు: అతి ఎందుకవుతుంది బాబూ? 2022 మొదటి మ్యాచ్‌లో మీవాళ్ళు సౌత్ డకోటా స్టేట్‌ని 7-3తో ఓడించారు. ఆ ఏడు పాయింట్లలో టచ్‌డౌనే లేదు, ఒక ఫీల్డ్ గోల్, రెండు సేఫ్టీలు (ఎదుటివాళ్ళను వాళ్ళ గోల్ గీత వెనకే పడేస్తే వచ్చే పాయింట్లు). హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ కొడుకు బ్రయాన్ అప్పుడు ఆఫెన్స్ చూసేవాడు. మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు రావాలని 2023లో ఆయన కాంట్రాక్ట్‌లోనే రాశారు. వచ్చింది 15.4. ఆ సీజన్ తర్వాత ఆయన ఉండడని అక్టోబర్‌లోనే ప్రకటించేశారు. విచిత్రమేమిటంటే ఆ ఏడాదే టీమ్ 10 మ్యాచ్‌లు గెలిచింది, డిఫెన్స్ పుణ్యమా అని, బంతిని దూరంగా తన్నే పంటర్ టోరీ టేలర్ కాలి పుణ్యమా అని. చివరి రెండు మ్యాచ్‌ల్లో మాత్రం మిషిగన్ 26-0తో, టెన్నెసీ 35-0తో ముంచేశాయి.

అక్కడి జబ్బు ప్లేల కొరత అని నేననుకోను. పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా 2023 సెప్టెంబర్‌లోనే మోకాలి గాయంతో పడిపోయాడు. ఆ తర్వాత బెదిరించే పాస్ లేదు కాబట్టి ఎదుటివాళ్ళు పరుగు మీదే కాపు కాశారు. 2024లో బ్రయాన్ స్థానంలో టిమ్ లెస్టర్ వచ్చాక కూడా ఆట పరుగు మీదే నడిచింది. కాకపోతే స్నాప్‌కి, అంటే బంతి ఆటలోకి వచ్చే క్షణానికి, ముందు ఆటగాళ్ళను అటూ ఇటూ కదపడం పెరిగింది, కేలెబ్ జాన్సన్ 1,500 గజాలకు పైగా పరుగెత్తాడు, సగటు 27 దాటింది. మీ దడ తగ్గడానికి ఇంకో సీజన్ పడుతుందేమో, అది మామూలే. ఓడిన శనివారం బాధ బుధవారం దాకా తిండినీ నిద్రనూ పాడుచేస్తుంటే మాత్రం కొన్నాళ్ళు స్కోరు చూసి ఊరుకోండి.

ప్రశ్న: మ్యాచ్ అయిపోగానే మావారు మా అబ్బాయి కోచ్‌కి పెద్ద ఈమెయిల్ రాయడానికి కూర్చుంటారు. పిల్లాడి మీద కోచ్ కక్ష కడతాడేమోనని నాకు భయం.
- ఒక గృహిణి, న్యూజెర్సీ

జవాబు: రాయనివ్వండి, పంపనివ్వకండి. మ్యాచ్ అయ్యాక 24 గంటల దాకా కోచ్‌తో ఫిర్యాదులు మాట్లాడకూడదని ఇక్కడ చాలా టీమ్‌లు ముందే చెబుతాయి, మీవారికి ఆ మాట గుర్తుచేయండి. మర్నాడు సాయంత్రం కూడా అడగాలనిపిస్తే, “మావాడు ఇంట్లో ఏం సాధన చేయాలి?” అని ఒక్క వాక్యం రాయమనండి, దానికి ఏ కోచ్ అయినా జవాబిస్తాడు.